తమ్ముడి పక్కన బొరియ

నా చిన్నప్పుడు నేల గీకే చప్పుడు వింటే చాలు, నాకు పై ప్రాణాలు పైనే పోయేవి. నైజాం రోజులవి. పాతబస్తీలో మాకు బర్రెల కొట్టం ఉండేది. ఆ చలికాలం మా తమ్ముడు పురిటిలోనే పోయాడు. మాలో పసిబిడ్డల్ని కాల్చరు, పాతిపెడతారు. మలక్‌పేట దాటాక రాళ్ళ బీడులో పాతి, పైన బండలు పేర్చి, తుమ్మకంప కప్పి వచ్చారు.

కొన్నాళ్ళకే పాలకొచ్చిన ఒకామె, ఆ గుంత పక్కన పెద్ద బొరియ పడిందని చెప్పింది. "కబర్ బిజ్జు అయ్యుంటది. పీనుగల్ని తవ్వి తింటది" అని గడపలోనే అనేసింది. ఏం మనిషో తల్లీ! అమ్మ ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. నేనైతే కొట్టంలోకి పోవడానికే హడలిపోయేదాన్ని. ఎలుక గీకినా అది నా కోసమే వచ్చిందనుకునేదాన్ని.

మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, పోయి చూసొచ్చి ఏం కాలేదంది. ఓదార్చడానికి చెబుతోందనుకొని అమ్మ నమ్మలేదు. మర్నాడు తెల్లారకముందే బాపమ్మ నన్ను లేపింది.

"నువ్వొచ్చి సూడు. నా మాట నమ్మకున్నా నీ మాట నమ్ముతది మీ అమ్మ."

నేను ఏడ్చాను, గుంజ పట్టుకొని వేలాడాను. వినే మనిషా ఆమె!

బీడులో బండలు కదలలేదు, కంపా కదలలేదు. ఆ బొరియ గుంతలోకి కాదు, పక్కనున్న చెదల పుట్టలోకి పోయింది. దాని ముందు పడి ఉన్న పెంటికను బాపమ్మ పుల్లతో చిదిపింది. పేడ చూసి బర్రె ఏం మేసిందో చెప్పే ఇల్లు మాది.

"ఎముకున్నదా? ఎంటికున్నదా?"

లేవు. మట్టీ, చీమల తలలూ, అంతే.

"ఇది అలుగు బిడ్డా. దీనికి పండ్లే ఉండయి. రాత్రంతా నాలికతోటి చీమల్ని, చెదల్ని నాకుతది. తెల్లారంగ బొక్కల జొర్రి పంటది."

అప్పుడే కంప వెనక గరగర. ఒళ్ళంతా పొలుసులతో అది రానే వచ్చింది. బాపమ్మ కొంగులో దూరి కేక పెట్టాను. ఆ కేకకు అదీ బెదిరిపోయింది. తోక మీద ఎక్కి ఉన్న పిల్లను కడుపులోకి లాక్కొని, ఉండలా చుట్టుకుపోయింది.

ఇంటికొచ్చి అమ్మకు చూసిందంతా చెప్పాను. పెంటిక సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"పిల్లతల్లా అది?"

అవునన్నాను.

"అయితే ఆడ మావోడు ఒంటిగ లేడు" అంది. కొట్టం వైపు తిరిగి చాలాసేపు ఏడ్చి, కంచం తెమ్మంది.

నాకిప్పుడు మనవరాళ్ళున్నారు. చీకట్లో ఏదైనా గీకితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను, భయం పోయిందని అబద్ధమెందుకు? కానీ దుప్పటి ముసుగు పెట్టుకోను. దీపం పట్టుకొని పోయి చూస్తాను. ఆ పొద్దు నేను చూడకపోయి ఉంటే మా అమ్మ అన్నం తినేది కాదు.