దిమ్మక్క సీటు

పాత లారీకి కొత్త బ్రేకులు వేయిస్తున్నారంటే ఏ ఇల్లాలైనా సంతోషిస్తుంది. దిమ్మక్క మాత్రం ఆ పని జరిగినన్నాళ్లూ కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగింది. మెకానిక్ చక్రం విప్పితే అక్కడికి, గాలి గొట్టం బిగిస్తే ఇక్కడికి.

"అక్కా, నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. కాసేపు కూర్చో తల్లీ!" అని అతను దణ్ణం పెట్టాడు. కూర్చుంది. ఎంతసేపు? అతను స్పానర్ అందుకునేలోపు మళ్లీ లేచింది.

దిమ్మక్క అన్న పేరు ఆమెకి ఊరికే రాలేదు. ఆ లారీ బ్రేకులు బతిమాలినట్టు మళ్లీ మళ్లీ తొక్కితే గానీ పట్టేవి కావు. హ్యాండ్ బ్రేక్ అయితే పేరుకే. ఒకసారి ఇటుకల యార్డులో, వాలు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి ఆమె మొగుడు దిగబోయాడు. పెడల్ మీంచి కాలు తీశాడో లేదో లారీ వెనక్కి జారింది. వెనకున్న కూలీ పక్కకి దూకాడు గనక బతికాడు. అతని తోపుడు బండి మాత్రం నుజ్జునుజ్జయింది. ఇంటికొచ్చిన మొగుడు జరిగింది చెప్పగానే, "రేపట్నుంచి నేనూ వస్తా" అంది ఆమె.

అంతే. ఇక బండి ఎక్కడ ఆగినా ముందు ఆమె దిగేది. తన సీటు కిందున్న చెక్క దిమ్మని లాగి, వెనక చక్రానికి అడ్డంగా తోసి, మడమతో ఒక్క తన్ను తన్ని, "వేశా, వదులు!" అని కేకేసేది. ఏం గొంతండీ అది! గోడ మీది కాకులు లేచిపోయేవి. ఆ కేక వినపడితే తప్ప ఆయన కాలు పెడల్ మీంచి లేచేది కాదు. ఏళ్లు గడిచాయి. జుట్టు నెరిసింది, ఆమె మోచెయ్యి ఆనించే చోట తలుపు రంగు పోయింది. ఆ సీటంటే ఆమెకి ప్రాణం.

పని పూర్తయ్యాక మెకానిక్కే బండిని తోలుకెళ్లి షెడ్డు ముందు వాలు మీద ఆపాడు. "ఈ మీట లాగితే గాలి బయటికి పోతుంది, లోపలి స్ప్రింగు చక్రాన్ని పట్టేసుకుంటుంది. ఇక కొండ మీద వదిలేసినా కదలదు" అన్నాడు. మీట లాగాడు. బుస్సుమంది. లారీ అంగుళం జరిగితే ఒట్టు!

మొగుడు మురిసిపోయాడు. "ఇక నీకు విశ్రాంతే. రేపట్నుంచి ఇంటిపట్టున హాయిగా ఉండు."

"మరి దిమ్మ?"

"పొయ్యిలో పెట్టు."

చూశారా మాట! ఆయన ప్రేమగానే అన్నాడు, ఈవిడకి మాత్రం ఒళ్లు మండిపోయింది. అయినా నోరు తెరిచి 'నేనూ వస్తా' అంటే ఏం పోయేది? అనదు. పౌరుషం! దిమ్మని చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది.

మర్నాడు ఆయన ఒక్కడే వెళ్లాడు. ఆమె ఇల్లు ఊడ్చింది. మళ్లీ ఊడ్చింది. బయట ఏ హారన్ మోగినా చీపురు పట్టుకునే గుమ్మంలోకి పరిగెత్తింది.

"ఊడ్చిన చోటే ఊడుస్తున్నావు, నేల అరిగిపోతుందే కోడలా!" అంది మంచం మీంచి అత్త.

"నీ కాళ్ల దగ్గర దుమ్ముంది అత్తా, పైకి పెట్టుకో" అని కసిరింది. దిమ్మ వంటింటి అరుగు మీదే ఉంది. పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాలేదు. పొయ్యి మీద కూర మాడుతున్న సంగతి కూడా పట్టలేదు.

అప్పుడు మోగింది ఫోను.

"ఏమే, ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటా, నువ్వు ఉండమన్న చోటే."

"ఇటుకల యార్డులో ఉన్నా. ఆ వాలు మీదే ఆపా. మీట లాగా. బుస్సుమంది కూడా."

"అయితే దిగు."

ఫోన్లో వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. "వెనక తలుపులు తియ్యవయ్యా అన్నా, ఎంతసేపు?" అని కూలీలు అరుస్తున్నారు.

"కాలు రావట్లేదే" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "వెనకాల మనుషులున్నారు. ఎప్పట్నుంచో తొక్కిపట్టుకునే కూర్చున్నా. పిక్క పట్టేసింది. ఒక్కసారి కేకెయ్యవే!"

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగేసింది.

"వేస్తా. ముందిది చెప్పు. ఆ సీటెవరిది?"

"అబ్బా, ఇప్పుడా నీ పంచాయితీ!"

"ఇప్పుడే."

"నీదే తల్లీ, నీదే! మోకాళ్లు నొప్పులంటావు కదాని ఉండమన్నా. పొద్దున్నుంచి ఆ ఖాళీ సీటు చూళ్లేక చస్తున్నా!"

దిమ్మక్క అరుగు మీంచి దిమ్మని దించి వంటింటి నేల మీద పెట్టింది. మడమతో ఒక్క తన్ను తన్నింది.

"వేశా, వదులు!"

అత్త మంచం మీద ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఆ కేక అబద్ధమని మొగుడికీ తెలుసు, పెళ్లానికీ తెలుసు. ఫోన్లో పెడల్ టక్కున పైకి లేచిన చప్పుడు. ఆపైన ఏమీ లేదు. ఆమె దిమ్మ మీంచి మడమ తియ్యలేదు.

"ఆగిందే" అన్నాడు ఆయన.

"మరి వేశాగా!" అంది ఆమె.