చెట్టెక్కిన కర్ర, ఆగని డ్రమ్ము

ఆ రోజుల్లో నాకు దేశసేవ మీద అపారమైన మక్కువ ఉండేదని మా ఊళ్లో ఇప్పటికీ ఒక అపోహ ఉంది. దాన్ని నేను ఎన్నడూ ఖండించలేదు. ఖండిస్తే మా అమ్మ బాధపడుతుంది. నిజానికి చిత్తూరులో డిగ్రీ చదువుతున్నప్పుడు (చదువుతున్నప్పుడు అనేది మర్యాదకు వాడిన మాట) నేను కాలేజీ బ్యాండులో చేరింది హాజరు కోసం. బ్యాండులో వాయించినవాళ్లకూ, సేవాదళంలో పనిచేసినవాళ్లకూ ఏడాది చివర కొంత హాజరు కలిపేవారు. అది కలిస్తే తప్ప నాకు హాల్‌టికెట్టు రాదు. రాకపోతే ఏమవుతుందో మా నాయన ముందే తేల్చేశాడు. "పరీక్ష రాయకుంటే ఇంటికి రావద్దులే. నేరుగా గుజ్జు ఫ్యాక్టరీకి పో. మామిడి టెంకలు ఏరను మనిషి కావాలంట." సేవాదళంలో చేరితే మొక్కలకు గుంతలు తవ్వాలి. బ్యాండులో నిలబడి కొడితే చాలు. దేశం కోసం నేను రెండోది ఎంచుకున్నాను.

ఆలస్యంగా చేరాను కాబట్టి చిన్న వాయిద్యాలన్నీ అయిపోయి, గోడకు ఆనించిన పెద్ద డ్రమ్ము మాత్రం నాకోసం మిగిలింది. అప్పట్లో నేను ఎండిన మునక్కాయలా ఉండేవాణ్ణి. అది తగిలించుకుంటే పైన నా తల, కింద రెండు బూట్లు, మధ్యలో అంతా డ్రమ్మే. అయితే దానికొక అధికారం ఉంది. బ్యాండు ఆగాలంటే ముందు నడిచే నాయకుడు తన పొడుగాటి కర్రను పైకెత్తాలి. అది చూసి పెద్ద డ్రమ్మువాడు రెండు జంట దెబ్బలు వేయాలి. ఆ దెబ్బలు వింటేనే మిగతా ఇరవైమందీ ఆపుతారు. కర్ర పట్టేవాడు మా సీనియరు, పొడుగన్న. ఒకరోజు సాధనలో ఆయన ఆ కర్రతో కాకిని అదిలించాడు. నేను రెండు జంట దెబ్బలు వేశాను. అంతా ఆగిపోయింది, కాకితో సహా. బ్యాండు సారు (అసలు ఆయన చెప్పేది ఫిజిక్సు, కానీ హాజరు కాగితం మీద సంతకం ఆయనదే) నా దగ్గరికి వచ్చి, "కర్ర నిట్టనిలువుగా పైకి లేసినాకనే ఆపాల. భూకంపం వచ్చినా సరే. ఇంగోసారి నీ ఇష్టానికి ఆపినావంటే సంతకం మర్సిపో" అన్నారు. నేను మరిచిపోలేదు. అదే వచ్చిన చిక్కు.

జెండా పండగ వచ్చింది. మేము మైదానం చుట్టూ తిరిగి వేదిక ముందు ఆగాలి. మా వెనక తెల్లటోపీలతో సేవాదళం. దాని నాయకురాలు మా ఫైనలియరు అక్క. ఆ రోజే వాళ్లు పక్కవీధి కల్యాణమండపంలో రక్తదాన శిబిరం పెట్టుకున్నారు. "నలభైమంది పేర్లిచ్చినారు రా. తెల్లారేసరికి ముప్పైమందికి జొరమంట" అని ఆమె పొద్దున్నే వాపోయింది. ఊళ్లో అంటుజ్వరం పాకిందేమోనని నేను సానుభూతి చూపాను (నా పేరు ఇవ్వలేదు కాబట్టి నాకు జ్వరం రాలేదు).

సరిగ్గా వేదిక ముందుకు వచ్చేసరికి పొడుగన్నకు కళాపోషణ పుట్టుకొచ్చింది. మాకెవరికీ చెప్పకుండా సాధన చేసిన విద్య చూపిస్తూ కర్రను గాలిలోకి విసిరాడు. కర్ర గిరగిరా తిరుగుతూ పైకి వెళ్లింది. కిందికి మాత్రం రాలేదు. కానుగచెట్టు కొమ్మల్లో చిక్కుకుంది. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. పొడుగన్న ఖాళీ చెయ్యి పైకెత్తి, నోటి పక్కనుంచి "ఆపరా!" అన్నాడు.

"కర్ర యాడన్నా?"

"సెట్టుమీద ఉండాది గదరా!"

చూశాను. నిజమే, కర్ర పైనే ఉంది. కానీ అడ్డంగా ఉంది. సారు చెప్పింది నిట్టనిలువుగా. వేదిక మీదినుంచి సారు రెండు చేతులూ ఊపుతున్నారు. ఇంకా గట్టిగా కొట్టమంటున్నారనుకుని గట్టిగా కొట్టాను. ప్రిన్సిపాలు సెల్యూట్‌ చేసిన చెయ్యి దించకుండా అలాగే ఉండిపోయారు. మేము ఆయన్ను దాటి వెళ్లిపోయాం. గేటు దగ్గర వాచ్‌మన్ ఇది కూడా కార్యక్రమంలో భాగమేననుకుని, తలుపులు బార్లా తెరిచి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

వీధిలో మల్లెపూలమ్మే అవ్వ సంబరంగా లేచింది. "ఎవురి పెండ్లి నాయనా? పెండ్లికొడుకు యాడ?"

"పెండ్లి కాదవ్వా, జెండా పండగ!" అన్నాడు పొడుగన్న, ఏడుపుగొంతుతో.

"మరి జెండాను ఆడ్నే ఇడిసిపెట్టి యాడికి పోతా ఉండారప్పా?"

నేను కొడుతూనే ఉన్నాను. తాళం తప్పలేదు. ఆటోవాళ్లు బండ్లాపి మా వెనక నడిచారు. మాంసం కొట్టు ముందున్న వరస మొత్తం సంచులతో సహా మాతో వచ్చేసింది. అప్పుడు అక్క వెనకనుంచి పరుగెత్తుకొచ్చి, పొడుగన్నను పక్కకు తోసి, "నా ఎనకాలే రాండి!" అంటూ మమ్మల్ని పక్కవీధిలోకి తిప్పింది. కల్యాణమండపం ముందు ఎవరి చేతిలోదో గొడుగు లాక్కుని నిట్టనిలువుగా ఎత్తింది. "ఇదిగో కర్ర! ఆపు సామీ!" గొడుగు కర్ర లెక్కలోకి వస్తుందా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఆమె కళ్లు చూశాక వస్తుందనిపించింది. రెండు జంట దెబ్బలు వేశాను.

వచ్చిన జనం వెనక్కి తిరిగేలోపు అక్క వాళ్లను లోపలికి తోలేసింది. మంచాలు నిండాయి. అప్పుడు సారు స్కూటరు మీద చెమటలు కక్కుతూ దిగారు. "సంతకం గింతకం ఏమీ లేదు!" అన్నారు నన్ను చూడగానే. నా కళ్లముందు మామిడి టెంకలు గుట్టగా కనిపించాయి.

"వీడు లేకుంటే ఈడ పదిమంది కూడా ఉండరు సార్" అంది అక్క.

సారు మంచాలకేసి చూసి కాస్త మెత్తబడ్డారు. "సరే, వీడూ రక్తమిస్తే పెడతా."

వీరుడిలా వెళ్లి బరువు యంత్రం ఎక్కాను. "యాభై రెండు" అంది నర్సమ్మ రాసుకుంటూ. తర్వాత తలెత్తింది. "డ్రమ్ము దించి ఎక్కప్పా." దించాను. "నలభై రెండు. పో నాయనా, నీకే ఎక్కించాల."

ఆ మాటకు సారు కూడా నవ్వారు, కానీ పెన్ను తీయలేదు. అంతలో సూది చూసిన ఆటో అన్న ఒకడు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అక్క నావైపు తిరిగి, "రక్తమిచ్చి లేసినోళ్లకంతా నువ్వు రెండు దెబ్బలెయ్యి రా. రాజుకేసినట్టు" అంది. వేశాను. మొదట లేచినవాడు మీసం తిప్పాడు. అది చూసి ఆటో అన్న చెప్పులు మళ్లీ విడిచి, "నాకు ఇంగా గట్టిగా కొట్టాల సూడు!" అని పడుకున్నాడు. మధ్యాహ్నందాకా కొడుతూనే ఉన్నాను. చేతులు పడిపోయాక సారు వచ్చి హాజరు కాగితం నా డ్రమ్ము మీదే పరిచి సంతకం పెట్టారు. మా నాయన ఫ్యాక్టరీవాళ్లకు వేరే మనిషిని చూసుకోమన్నాడు.

ఇప్పుడు నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను. పొడుగన్న ట్రాఫిక్ పోలీసయ్యాడు. ఎత్తిన ఖాళీ చేతిని చూసి జనం ఆగడం ఆయన జీవితంలో ఇప్పుడే మొదలైంది. నేను మాత్రం ఏటా జెండా పండగకు చిత్తూరు వెళ్లి, అదే మండపంలో రక్తమిచ్చి వస్తాను. మొన్న జనవరిలో యంత్రం ఎక్కితే డెబ్బై ఆరు చూపింది. అదే నర్సమ్మ. కళ్లద్దాల పైనుంచి నా పొట్టకేసి తీరిగ్గా చూసి, "డ్రమ్ము దించి ఎక్కప్పా" అంది.

వంగి చూశాను. అప్పటిలాగే నా బూట్లు నాకు కనిపించలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా, భుజం మీద లేని పట్టీ కోసం వెతికింది.