గుడిసె కిరాయి

ఎనభైల్లో మస్కట్‌లో పనిచేస్తూ చెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఎముక సరిగ్గా అతుక్కోకపోతే ఉద్యోగం ఉండదు. టేకులపల్లి అవతల అడవిలో కట్లు కట్టే పెద్దాయన ఉన్నాడంటే అంత దూరం వచ్చాను. అక్కడి ఊరోళ్లు వచ్చే రోగులకు గుడిసెలు కిరాయికిస్తారు; నేను బస చేసిన గుడిసెకు దాని యజమానురాలు లక్ష్మమ్మ వారానికి పది రూపాయలు చెబితే, సిగ్గులేకుండా బేరమాడి ఆరుకు దించాను.

కట్టు కట్టాక పెద్దాయనకు పది రూపాయల నోట్లు నాలుగైదు అందించబోయాను.

"పైసలు ముడితే మందు పారది బిడ్డా. మీరొస్తున్నరనే ఊరోళ్లకు నాలుగు మెతుకులు. ఆళ్లకియ్యి."

తల వంచుకుని వెళ్లి ఆ నోట్లన్నీ లక్ష్మమ్మకు ఇవ్వబోయాను.

"చెయ్యి విరిగినా బేరం మంచిగనే చేసినవ్ గద సారూ!" అని నవ్వి, ఒక్క నోటే తీసుకుంది.

"అన్నీ తీసుకో," అన్నాను.

"గిన్ని తీసుకుంటే ఊరంతా గదే ధర చెప్తరు. రేపొచ్చే బీదోళ్లు యాడుంటరు?"