బంతి పట్టేంత రింగు

మావ పోయాడు. ఆ కబురు నాకు తెచ్చింది కొబ్బరికాయల లారీ డ్రైవరు. టెక్కలిలో మా ఆఫీసు ముందు లారీ ఆపి, ఇంజను నడుస్తుండగానే కిందికి దిగి, "బాబూ, మీ మావ పోనాడు. నిన్న సందేళే అయిపోనాది. మీకెవులూ సెప్పనేదేటి?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. మావ ఉండే ఉద్దానం నుంచి మాకు కబురు రావాలంటే ముందు కాయలు రావాలి. నేను బస్సు దిగి, ఇసుకలో రెండు మైళ్ళు నడిచి వెళ్ళేసరికి తోట చివర బూడిద మీద నీళ్ళు కూడా చల్లేశారు.

ఆయన మా అమ్మకు ఆఖరి తమ్ముడు. 'తీరని లోటు' అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆయన పెద్ద మనిషేమీ కాదు. నాలుగెకరాల కొబ్బరి, కాస్త జీడితోట ఉన్న రైతు. ఇది చదివేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. ఆ పదిమందీ కూడా నా మూలంగా ఆయన్ని తప్పుగా ఎరిగారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. రాసి ప్రయోజనం ఏమిటని అడగకండి, నాకూ తెలియదు.

స్వరాజ్యం రాకముందు మావ టెక్కలిలో చుట్టాలింట ఉండి హైస్కూలు చదివాడు. మద్రాసు వెళ్ళి నేర్చుకొచ్చిన డ్రిల్లు మాస్టారొకాయన అక్కడ బాస్కెట్ బాల్ పెట్టారు. చెడుగుడు తప్ప మరో ఆట తెలియని మా వైపు అదొక వింత. ఆ ఆటలో మావ మొనగాడని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. తాత పోవడంతో చదువు ఆగిపోయి తోటలో పడ్డాడు గాని, ఆయన చెయ్యి మాత్రం ఆటను వదల్లేదు. కాయలు దింపిన రోజున అందరూ గంపలతో మోసుకెళ్ళి బండిలో పోస్తే, ఆయన నిలబడ్డ చోటి నుంచే మోకాళ్ళు కాస్త వంచి, మణికట్టు విరిచి ఒక్కొక్క కాయా బండిలోకి వేసేవాడు. ఒక్కటీ పక్కన పడేది కాదు. "మోసుకెల్లి పోత్తే అయిపోద్ది గదా, ఈ ఇసురుడేటో నాకు తెల్దు" అని అత్త విసుక్కునేది. గుమ్మడికాయ చేతికిచ్చినా వేళ్ళ మీద ఒకసారి తిప్పి చూసుకోందే కింద పెట్టేవాడు కాదు.

నేను అదే హైస్కూల్లో చేరాక, టెక్కలి వచ్చినప్పుడల్లా నన్ను గ్రౌండుకు తీసుకెళ్ళేవాడు. అప్పటికి విశాఖపట్నం నుంచి కొత్త రింగులు వచ్చేశాయి. నేను బంతి విసిరేసి, ఆ తర్వాత రింగు ఎక్కడుందా అని చూసేవాణ్ణి. "సూసి ఎయ్యాల్రా అల్లుడూ. ఏసీసి సూత్తే ఏటున్నాది?" అనేవాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. బంతి జారిపోయినప్పుడు నేను వెంటపడి పరిగెడితే, "దానికి తొందర నేదురా, నీకే" అనేవాడు. ఆట నాకు అబ్బలేదు. ఒకరితో ఒకర్ని పోల్చడం మాత్రం బాగా అబ్బింది.

ఈమధ్య పలాస రైల్వేలో పనిచేసే కుర్రాడొకడు పైకొచ్చాడు. ఆరడుగుల మనిషి, రాష్ట్రం జట్టుకు ఆడాడు, పేపర్లో ఫొటో పడింది. ఇక మా ఆఫీసు ఎదుట టీ కొట్టులో పొద్దస్తమానం ఇదే గొడవ. "పాతోళ్ళ కాలిగోటికి సరిపోడు ఈడు" అని ఒకరంటే, "పాతోళ్ళు ఎవులితో ఆడినారేటి, ఎడ్లతోనా?" అని మరొకరు. నేను గుమాస్తాను, రుజువు లేని మాట నాకు గిట్టదు. హైస్కూలు బీరువాలో చెదలు తినగా మిగిలిన ఆ డ్రిల్లు మాస్టారి నోటు పుస్తకం సంపాదించాను. అందులో ప్రతి ఆటా, ఎవరెన్ని వేశారో రాసి ఉంది. మావ పేరు పక్కన ఎనిమిది, పది, ఎంత బాగా ఆడిన రోజైనా పన్నెండు. పలాస కుర్రాడు ముప్పైకి తగ్గడం లేదు. తగువు తేలిపోయిందని నాకు పండగైంది.

ఆ కుర్రాడికి హైస్కూలు గ్రౌండులో సన్మానం చేశారు. మాట్లాడమని నన్ను పిలిచారు. మావ ఆ ముందురోజే ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కా వేసుకుని, బస్సెక్కి వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. నేను నోటు పుస్తకం చేత్తో పట్టుకుని పాత ఆటగాళ్ళ పేర్లూ అంకెలూ చదివాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మా సొంత మావనే తీసుకోండి. అలాంటి మావల్ని ముగ్గుర్ని ఒక కట్ట కట్టినా ఈ ఒక్క కుర్రాడికి సాటిరారు" అన్నాను. గ్రౌండంతా నవ్వింది. మావ కూడా నవ్వాడు.

సభ అయ్యాక గేటు దగ్గర నా భుజం మీద చెయ్యేసి, "నీ లెక్క తప్పని అననుగానీ అల్లుడూ, అప్పుటి రింగు వేరురా" అన్నాడు. నా చుట్టూ నలుగురున్నారు. వాళ్ళ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మావా!" అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు. సన్మానం చేయించుకున్న ఆ కుర్రాడొక్కడే నవ్వలేదు. "సర్లే, బస్సుకి టైమైపోతన్నాది" అని మావ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన గ్రౌండులో అడుగు పెట్టలేదు. టెక్కలిలో పని ఉంటే చూసుకుని అటునుంచి అటే వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకు అత్త కనబడి, "మీ మావకి బుద్దొచ్చినాది అల్లుడూ, ఇప్పుడు కాయలు గంపతోటే మోత్తన్నాడు" అని సంతోషంగా చెప్పింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఎందుకు మానేశాడో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నా బతుకు ఇంత నీచంగా కనిపించేది కాదు.

మొన్న వేసవిలో కోటబొమ్మాళి సంతకు వెళ్ళి, కత్తిపీట చేయించడానికి ఒక ముసలి కమ్మరి దగ్గర కూర్చున్నాను. నాది టెక్కలి అని తెలిసి ఆయన మొదలుపెట్టాడు. "ఆ బడికి బంతాట రింగులు సేసింది నానే బాబూ. డ్రిల్లు మేస్టరు కొలత అంపనేదు, బంతి అంపినారు. ఇది పట్టాల అన్నారు. పట్టీటట్టు సేసినాను. బండి సెక్రానికి పట్టా ఎక్కించినోణ్ని, సందు వొదిలెత్తానేటి?" రింగు మరీ చిన్నదైందని తర్వాత తెలిసినా, ఇందులో వేసినవాడు ఎందులోనైనా వేస్తాడని మాస్టారు వాటినే ఉంచేశారట. కొత్తవి వచ్చాక పాత ఇనుము కింద మళ్ళీ ఈయన కొట్టుకే చేరాయి. కుప్పలోంచి ఒకటి లాగి నా చేతికిచ్చాడు.

ఇంటికి తెచ్చి బంతి పెట్టి చూశాను. చుట్టూ ఒక వేలు దూరేంత సందు ఉంది, అంతే. ఇప్పటి రింగులో రెండు బంతులు పక్కపక్కన పెడితే కొంచెంలో పట్టవు. అందులో పన్నెండు వేసినవాడిని, ఇందులో ముప్పై వేసినవాడి పక్కన నిలబెట్టి నేను తూకం వేశాను. మద్దెల నిజంగానే ఓడు. దాంతోనే ఆయన అన్నాళ్ళు ఆడాడు.

ఆ రోజే బస్సెక్కి ఉండాల్సింది. ఎక్కలేదు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలనుకున్నాను. హైస్కూలు ఆటల పండగకు అదే గ్రౌండులో, ఆ రింగు చేత్తో పట్టుకుని, మావను ముందు వరసలో కూర్చోబెట్టి మాట్లాడదామని. ఉపన్యాసం రాసుకున్నాను, అద్దం ముందు చదువుకున్నాను. న్యాయం చేస్తున్నాననుకున్నాను గాని, నాకు కావలసింది మళ్ళీ చప్పట్లే.

ఈలోగా మావకు కాళ్ళు వాచాయని తెలిసింది. చూడటానికి వెళ్ళాను. ముఖం ఉబ్బి, అరుగు మీద చాప వేసుకుని పడుకుని ఉన్నాడు. ఏ జబ్బో టెక్కలి డాక్టరూ చెప్పలేదు, పలాస డాక్టరూ చెప్పలేదు. మా ఉద్దానంలో మనుషులు ఇలాగే పేరు లేని జబ్బుతో నీరు పట్టి పోతుంటారు, ఎవరూ ఎందుకని అడగరు. "ఆ పలాస కుర్రోడు ఎలగాడతన్నాడు?" అని అడిగాడు. బాగా ఆడుతున్నాడని చెప్పాను. "ఆడి సెయ్యి మంచిది" అన్నాడు. రింగు సంగతి నా నాలుక చివరనే ఉంది. పండగ నాడు ఒక్కసారిగా విని ఆశ్చర్యపోవాలని దాచుకున్నాను. ఒక గంట కూర్చుని, తెచ్చిన బత్తాయిలు ఇచ్చి వచ్చేశాను. అది ఆయన్ని ఆఖరిసారి చూడటం. ఆటల పండగ ఇంకా పదిహేను రోజులుందనగా పోయాడు.

పదోరోజుకు రింగు తీసుకుని వెళ్ళాను. పలాస కుర్రాడికి సంగతంతా చెబితే అతనూ బంతి పట్టుకుని వచ్చాడు. భోజనాలయ్యాక, అత్తను అడిగి, రింగును పెరట్లో కొబ్బరిచెట్టుకు ఎత్తుగా కట్టాడు. దూరంగా నిలబడి వేశాడు. అంచుకు తగిలి బంతి జీడితోటలోకి పోయింది. తనే వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ వేశాడు. ఇరవైసార్లు వేసి ఉంటాడు, ఒక్కటి పడింది. "బంతి తగిలి పడ్డానికి ఎనకాల పలక నేదు గదా మరి" అని చుట్టాల్లో ఎవరో సర్దబోయారు. "అందుక్కాదండి" అన్నాడు ఆ కుర్రాడు. బంతి కింద పెట్టి చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు.

అత్త గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఈ రింగు సంగతి మీ మావకి సెప్పినావా అల్లుడూ?" అని అడిగింది.

"లేదత్తా."

"మొన్నొచ్చి గంట సేపు కూకున్నావు గదా. అప్పుటికి నీకు తెల్సునా?"

"తెలుసు."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. పెరట్లోకి దిగి, ఇన్నేళ్ళలో ఎన్నడూ ముట్టని బంతిని రెండు చేతులా తీసుకుని, చెంగుతో ఇసుక తుడిచింది. అరుగు మీద, ఆయన పడుకునే చోట పెట్టింది. వాన నీరు పోవడానికి ఆ అరుగు కాస్త వాలుగా ఉంటుంది. బంతి దొర్లి కింద పడింది. మళ్ళీ తెచ్చి పెట్టింది. మళ్ళీ పడింది. మూడోసారి పెట్టి, తను పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేసింది. మేం బస్సుకు బయల్దేరేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.