కొండ కింద కాపురం పెట్టే ముందు

నాకు కుళ్ళు. దాచుకునేదేమీ లేదు. మా తోడికోడలు తిరుత్తణికి కాపురం మారుస్తోందని తెలిసిన రోజు నాకు ముద్ద దిగలేదు.

ఆ ఊరు నాది. కొండ కింద వీధిలో పుట్టాను, మెట్ల మీద ఆడుకున్నాను, అక్కడి కోతులు నా చేతిలోంచి ఎన్ని అరటిపళ్ళు లాక్కుపోయాయో లెక్కలేదు. పెళ్ళయి తిరువళ్ళూరు వచ్చాక మా నాన్న ఆ ఇల్లు అమ్మేసి, కే.జీ.కండిగైలో పొలం పక్కనే కట్టుకున్నాడు. అప్పటి నుంచి తిరుత్తణిలో చెప్పులు విడవడానికి నాకొక గడప లేదు. అందరిలా రైలు దిగడం, అందరిలా కొండెక్కడం, అందరిలా మళ్ళీ రైలెక్కడం.

ఆమె పుట్టి పెరిగింది ఆవడిలో. మా మరిదికి కాట్టుపల్లిలో కాంట్రాక్టు పని, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు ఊడుతుందో తెలియదు. నిలకడైన పని దొరికితే ఆ ఏడాది ఆడి నెలలో కొండ మీద జరిగే ఆడికృత్తిక పండక్కే పూల కావడి ఎత్తుకుని కొండెక్కుతానని ఆమె తిరుత్తణి స్వామికి మొక్కుకుంది. దొరికింది. అదీ తిరుత్తణి పక్కనే ఉన్న ఫ్యాక్టరీలో. ఇల్లు కూడా దొరికింది, మా పాత వీధికి పక్క వీధిలో. ఇల్లు చూసి రాగానే నాకే ఫోన్ చేసింది.

"అక్కా, వంటింటి కిటికీ తెరిస్తే కొండ కనబడతాది కా! మెట్లు గూడా! పొయ్యి దగ్గర నిలబడే దండం పెట్టుకోవచ్చు!"

నా ఒళ్ళు భగ్గుమంది. మంచిదే అన్నాను.

"నువ్వు ఆ ఊరిదానివి గదా, కాపురం పెట్టకముందు ఏమేమి తెలుసుకోవాలో చెప్పు కా."

చూశారా నా కర్మ! నా ఊరికి తను పోతూ, సంగతులు నన్ను అడుగుతోంది. అయినా ఒక్కటీ దాచుకోకుండా చెప్పాను. మిద్దె మీద వడియాలు పెట్టొద్దు, కోతులకు పెట్టినట్టే. కిటికీలకు ముందు జాలీ కొట్టించు, సామాను తర్వాత దించుకో. కొండ ఊరంటే చల్లగా ఉంటుందని దుప్పట్లు కొనుక్కుంటావేమో, ఎండాకాలం ఆ రాయి పగలంతా కాగి సాయంత్రం నీ ఇంట్లోకే వేడి కక్కుతుంది. కృత్తిక రోజుల్లో నీ వీధిలోకి ఆటో రాదు, పాలూ కూరగాయలూ ముందురోజే తెచ్చిపెట్టుకో.

అసలైనది చివర చెప్పాను. "పాలు పొంగించే రోజు నోరు అదుపులో పెట్టుకో మే. ఎవర్నీ ఆడికృత్తికకు మా ఇంటికి రమ్మని అనొద్దు."

కొండ కింద వీధుల్లో ఒక పద్ధతి ఉంది. ఆడికృత్తికకు మొక్కు తీర్చుకుని కొండ దిగినవాళ్ళు నేరుగా చుట్టాల ఇంటికి వచ్చి ఆకు ముందు కూర్చుంటారు. ఒక ఏడాది పిలిచి ఆకు వేశామా, ఇక ఏటా వెయ్యాల్సిందే. వెయ్యడం మానేసినా, పిలుపందుకున్నవాళ్ళు రావడం మానేసినా దేవుడికిచ్చిన మాట తప్పినట్టే చూస్తారు. చుట్టరికానికి హద్దు లేదు, పెద్దమ్మ ఆడబిడ్డ తోడికోడలి తమ్ముడు కూడా చుట్టమే. మా అమ్మ పెళ్ళయిన కొత్తలో ఒకసారి సంతోషం పట్టలేక అందరినీ పిలిచింది. ఆ తర్వాత కొండ కింద కాపురం చేసినన్నాళ్ళూ ఒక్క ఆడికృత్తికకు కూడా కొండెక్కలేదు. పొయ్యి దగ్గర నిలబడి, చేతిలో గరిటె ఉండగానే పైకెత్తి మొక్కేది.

అంతా విని మా తోడికోడలు పకపకా నవ్వింది. "నీకు కుళ్ళు కా! అందుకే నన్ను బెదరగొడతాండావు."

నాకు కుళ్ళే, ఎవరు కాదన్నారు? కానీ చెప్పింది నిజం. కుళ్ళుబోతు నోట్లోంచి వస్తే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

పాలు పొంగించే రోజు వెళ్ళాను. కిటికీ చూశాను. కొండ నిజంగానే కనబడుతోంది, మెట్ల మీది మనుషులతో సహా. మా పాత ఇంటికి కూడా ఇంత మంచి కిటికీ లేదు. పాలు తూర్పు వైపుకు పొంగాయి. ఆమె ముఖం వెలిగిపోయింది. చేతులు రెండూ చాపి, ఇల్లంతా వినబడేలా, "ఆడికృత్తికకు అందురూ మా ఇంట్లోనే తిని చెయ్యి కడగాల!" అనేసింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె కిటికీ వైపు చూసింది.

ఆడికృత్తిక వచ్చింది. మేం ఎక్కిన రైలు పెట్టె నిండా పసుపు బట్టలే. స్టేషన్ నుంచి నడిచి ఇంటికి చేరేసరికి అరుగు మీద కాలు పెట్టే సందు లేదు, అన్నీ చెప్పులు. లోపల ఒక పంక్తి లేస్తుంటే ఇంకో పంక్తి కూర్చుంటోంది. గది మూలలో గోడకు ఆనించి పూల కావడి ఉంది. మల్లెపూలు అప్పటికే వాడుముఖం పట్టాయి.

ఆమె పొయ్యి దగ్గర ఉంది. పసుపు చీర కట్టింది, కొంగు బొడ్లో దోపింది. కావడి దించేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు, ఊరందరికీ వడ్డిస్తున్న మనిషి పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"కావడి ఎత్తుకుందామని పోతాను, అంతలో ఎవురో ఒకరు వస్తారు కా. మన అత్తగారి తట్టు వాళ్ళు లేస్తే ఆవడి వాళ్ళు వచ్చినారు. ఆకు ముందర కూర్చున్నోళ్ళను వదిలేసి యాడికి పోయేది? పొద్దు గూకిపోతే నా మొక్కు ఏమి కావాల?" అంటూనే సాంబారులో గరిటె తిప్పింది.

బాగా అయింది అనుకున్నాను. కడుపులో చల్లగా కూడా ఉంది, ఉన్నమాట చెప్పడానికి నాకేం సిగ్గు? కానీ ఆమె కిటికీలోంచి కొండను చూసి, గరిటెతోనే చేతులు పైకెత్తబోయింది. అది మాత్రం చూడలేకపోయాను. ఏటా చూసింది చాలు నాకు, మా అమ్మను.

"ఇట్లియ్యి," అని గరిటె లాక్కున్నాను. "పో మే. కావడి ఎత్తుకో."

"నువ్వు కొండెక్కొద్దా కా?"

"సుమ్మా ఊరికే మాట్లాడతా నిలబడొద్దు, పూలు రాలిపోతాయి, పో!"

మా మరిది కావడి ఆమె భుజానికెత్తాడు. హరోహర అని ఇల్లంతా అరిచింది. ఆమె గడప దాటి పోయింది.

నేను రసం కాచాను. అన్నం వార్చాను. ఎవరికి ఏ ఆకు వెయ్యాలో, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరినీ అడగలేదు, అందరూ నన్నే అడిగారు. మధ్యలో కిటికీలోంచి చూస్తే మెట్ల నిండా పసుపు బట్టలు, పూల కావళ్ళు. వాటిలో ఆమెది ఏదో తెలియలేదు. మళ్ళీ కడుపు రగిలింది. మొక్కు ఆమెది, కావడి ఆమెది, ఇల్లు ఆమెది, కిటికీ ఆమెది. నాకేమో సాంబారు గిన్నె!

చివరి పంక్తిలో ఒక పెద్దాయన, ఏ వైపు చుట్టమో నాకు తెలియదు, మజ్జిగన్నం కలుపుకుంటూ చుట్టూ చూశాడు.

"ఇల్లు బాగుండాది తల్లీ. కొండ ఎదురుగానే ఉండాది. మీదేనా?"

"మాదే," అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. "నేను పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. ఇంకొంచెం మజ్జిగ పోసుకోండి."

"నీదే కా, కాదనేది ఎవురు?"

వాకిట్లో మా తోడికోడలు. నుదుటి నిండా విభూతి, ముఖం కడిగినట్టు తేటగా ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత వినిందో.

"వచ్చే కృత్తికకు గూడా గరిటె నువ్వే పట్టు. నేను కొండెక్కి నీ తరపున గూడా దండం పెట్టుకొని వస్తా."

పంక్తి పంక్తంతా నవ్వింది, పెద్దాయనతో సహా. అందరి ముందూ అంది కాబట్టి అది పిలుపు కిందే లెక్క, ఇక ఏటా నేను వచ్చి గరిటె పట్టాల్సిందే. ఆమెకూ తెలుసు, నేనే నేర్పాను.

కిటికీ వైపు తిరిగాను. మెట్ల మీద జనం ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. చేతులెత్తి మొక్కాను. గరిటె చేతిలోనే ఉంది.