హాల్లో పెదనాయన, గదిలో బిల్డ్

మనవరాలి పెళ్లికి పిలవడానికి మేలూరు పెదనాయన ఈ రోజు కోయంబత్తూరులో మా ఇంటికి వచ్చారు. మా వాళ్లలో పెళ్లిపత్రికను ఇంటి యజమాని ఎదురుగా నిలబడి రెండు చేతులా అందుకోవాలి. అందుకే నా భార్య చేతికిచ్చి ఆయన వెళ్లిపోలేదు.

నేనేమో లోపలి గదిలో ప్యాకేజింగ్ స్క్రిప్ట్‌తో కుస్తీ పడుతున్నాను. సాఫ్ట్‌వేర్ సరిగ్గానే తయారవుతోంది, దాన్ని ప్యాకేజీగా కట్టే చివరి దశలో ఒక ఫైలు రావడం లేదు. స్క్రిప్ట్‌లో ఒక్క లైను మార్చడం, సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే బిల్డ్‌ను మొత్తం మొదటి నుంచి నడపడం, అది ముగిసేదాకా ఆగడం, మళ్లీ అదే ఎర్రర్. “ఈ బిల్డ్ అయిపోతే వస్తా పెదనాయనా!” అని గదిలోంచే అరిచాను. ఆయన పత్రిక ఉన్న పళ్లెం ఒళ్లో పెట్టుకుని హాల్లో కూర్చున్నారు. పళనిలో ఇంకో ఇంటిని పిలవడానికి ఎక్కాల్సిన బస్సు కూడా వెళ్లిపోయింది.

చివరికి మా టీమ్ అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. “కోడ్ మారనప్పుడు మళ్లీ బిల్డ్ ఎందుకన్నా? తయారైనదంతా అక్కడే ఉందిగా, ప్యాకింగ్ ఒక్కటే నడపండి” అని తమిళంలో చెప్పి నవ్వింది. ఆమె ఫోన్ పెట్టేలోపే పని అయిపోయింది.

తల దించుకుని హాల్లోకి వెళ్లాను. పెదనాయన అంతా విన్నారు.

“అది దానంతటదే నడస్తా ఉంటే, నువ్వు లోపల ఏం జేస్తా ఉంటివప్పా?”

“చూస్తా ఉంటిని పెదనాయనా.”

ఆయన లేచి, పళ్లెం నా చేతుల్లో పెట్టి, “పెండ్లికి ముందునాడే వచ్చేయి సామీ” అన్నారు. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

పళని దాకా నేనే కారులో దించి వచ్చాను. మీరూ ఇలా ఎవరినైనా హాల్లో కూర్చోబెట్టి స్క్రీన్ చూస్తూ ఉండిపోయారా? ఉంటే చెప్పండి, ఈ సిగ్గుకు తోడు కావాలి.