పొగ పెట్టకుండా కోసిన తేనెపట్టు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, దేవుడు మాకు చేసిన మేలు చెప్పాలని మీ ముందు నిలబడ్డాను. పోయిన ఏడు, మొదటి పంట దేవునికిచ్చే ఈ కోత పండుగకు ముందు శనివారం మా ఆయన మా పెరట్లోనే, నా కళ్ల ముందే, ఊపిరాడక నేల మీద పడిపోయాడు.

ములకలపల్లి దగ్గర అడవి అంచున మా ఇల్లు. పెరట్లో తేనెపెట్టెలు పెట్టుకున్నాం, తేనె పిండకుండా మైనంతో సహా పట్టును ముక్కలుగా కోసి అమ్ముతాం. మా ఊరికి టీకాలు వేయడానికి వచ్చే నర్సమ్మ తనకూ ఒక ముక్క కావాలని అడుగుతూనే ఉంది. మొదటి పట్టు దేవుడిదమ్మా, పండుగకు మందిరంలో పెట్టాకే ఎవరికైనా అని మా ఆయన ఆమెను వట్టి చేతులతో పంపేశాడు.

ఆ శనివారం పొద్దున, దేవుడి పని కదా అని ఆయన తలస్నానం చేసి, వాసన నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, దాని మీద సెంటు కూడా కొట్టుకుని పెట్టె దగ్గరికి పోయాడు! తేనెటీగలకు సెంటు పడదని తెలిసిన మనిషే. పొగన్నా పెట్టవయ్యా అంటే, "పొగ వాసన పట్టిన తేనె దేవునికి ఇస్తమా ఏంది?" అన్నాడు. పట్టు కోసి పళ్లెంలో పెట్టాడో లేదో, ఈగలన్నీ ఒక్కసారిగా ముఖం మీద, మెడ మీద ముసురుకున్నాయి. నేను దుప్పటి కప్పి ఇవతలికి లాక్కొచ్చేసరికి ముఖం ఉబ్బిపోయి, గొంతు పూడుకుపోయి, మాట రావడం లేదు. ఎన్నోసార్లు కుట్టించుకున్న మనిషి, ఎప్పుడూ ఇలా కాలేదు. ఫోన్ చేస్తే అంబులెన్సు ఇంకా దూరంలో ఉందన్నారు.

నేను చేసింది ప్రార్థనో కొట్లాటో నాకే తెలియదు. "ప్రభువా, నీకు ఇద్దామనే పోయిండు గదా, నీ పని మీద పోయినోణ్ని నువ్వే గుంజుకుంటవా? గిదేం న్యాయం?" అని అరిచాను. దేవునితో అలా మాట్లాడతానని నేనెన్నడూ అనుకోలేదు.

నా అరుపు ఆగకముందే దడి దగ్గర స్కూటీ ఆగింది. నర్సమ్మ! పిల్లలకు టీకాలు వేసి పోతూ, ఇవాళైనా తేనె ఇస్తారేమోనని వచ్చింది. టీకా వికటించి ఊపిరాడని పిల్లల కోసం దగ్గర ఉంచుకునే సూదిమందు ఆమె సంచిలో ఉంది, గబగబా తీసి ఆయన తొడకు వేసింది. కాసేపటికి మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు సహోదరులారా, దేవునికే మహిమ! ఆ తర్వాత అంబులెన్సు వస్తే భద్రాచలం తీసుకుపోయాం.

దవాఖానాలో కాస్త తేరుకోగానే ఆయన అడిగిన మొదటి మాట, "పట్టు మందిరానికి పోయిందా?" అని. నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి, పళ్లెంతో సహా నర్సమ్మ చేతిలో పెట్టేశానని చెప్పాను. ఆయన తొడ మీద సూది పడిన చోటు తడుముకున్నాడు.

"అవ్," అన్నాడు, "దేవునికే ముట్టింది."

ఇదిగో, ఈ యేటి మొదటి పట్టు ఈ బల్ల మీద ఉంది. నేనే దగ్గరుండి పొగ పెట్టించి కోయించాను, కాస్త పొగ వాసన వస్తుంది, దేవుడేమీ అనుకోడు. కష్టంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, మంచి మాటలు రావడం లేదని నోరు మూసుకుని కూర్చోకండి, వచ్చిన మాటతోనే ఆయన్ను పిలవండి. నా గొడవనే విన్నవాడు మీ మొర వినడా?